నాన్న పక్కన చోటు

ఆ తీర్మానం రాసింది నేనే. జగ్గయ్యపేటలో మా పాత సంఘం మినిట్స్ పుస్తకంలో ఇప్పటికీ నా చేతిరాత ఉంది. ముప్ఫై ఏళ్లు నల్లబల్ల మీద రాసి కుదుర్చుకున్న గుండ్రటి అక్షరాలు. "వేరే చోట రెండోసారి బాప్తిస్మం పొందినవారు ఈ సంఘ సభ్యులుగా ఉండరు. వారికి సమాధుల తోటలో చోటు ఇవ్వబడదు." కింద కార్యదర్శిగా నా సంతకం. ఆ రెండు వాక్యాలూ మా తమ్ముణ్ణి కొట్టడానికి రాశాను. దెబ్బ మా అమ్మకు కూడా తగులుతుందని రాసేటప్పుడే తెలుసు. చెయ్యి ఆగలేదు.

అమ్మ పోయాక ఆమె గురించి రాయమని చాలామంది అడిగారు. హాస్టల్లో ఆమె చేతి అన్నం తిన్న ఆడపిల్లలు ఇప్పుడు టీచర్లు, నర్సులు అయ్యారు. వాళ్లు ఫోన్ చేసి, "సార్, అమ్మ గురించి మీరే రాయాలి, మీకు భాష ఉంది" అంటారు. భాష ఉన్నమాట నిజమే. ఆ భాషతోనే ఆమెను సంఘంలోంచి తీసేశాను. కాబట్టి వాళ్లు అడిగిన రాత ఇది కాదు.

నాన్న చిన్న బడిలో పంతులు. నేను డిగ్రీ రెండో సంవత్సరంలో, తమ్ముడు ఎనిమిదో తరగతిలో ఉండగా కామెర్లతో పోయాడు. అంతవరకూ పెనుగంచిప్రోలు వైపు మిరప కోతలకు వెళ్లే అమ్మ, ఆ నెలలోనే జగ్గయ్యపేటలో ఆడపిల్లల హాస్టల్లో వంటకు చేరింది. ఇరవై ఎనిమిదేళ్లు అక్కడే వండింది. ఊళ్లో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తుండేది కాదు. అందరికీ హాస్టలమ్మే.

ఆమె పొద్దుటి ప్రార్థన వింటే ఊరి పటం గీయొచ్చు. బస్టాండు దగ్గర టీ కొట్టాయన మోకాలి నొప్పితో మొదలుపెట్టి, వీధి వెంట నడుస్తున్నట్టే ఇంటింటి సంగతీ దేవుడికి చెప్పేది. ఎవరింట్లో పెళ్లి కుదరలేదో, ఎవరి కొడుకు పరీక్ష తప్పాడో, ఎవరి గేదె ఈనలేదో. హిందువుల ఇళ్లు వచ్చినా, సాయిబుల ఇల్లు వచ్చినా ఆగేది కాదు. "వాళ్లూ నీ వాళ్లే, మొహం అటు తిప్పుకోకు" అని గట్టిగా చెప్పేది. హాస్టలుకు బియ్యం వేసే కాంట్రాక్టరుతో ఎలా మాట్లాడేదో దేవుడితోనూ అలాగే మాట్లాడేది. "మొన్న అడిగానా లేదా? ఇంకా చెయ్యలేదేం?" అనేది. నాకు నవ్వొచ్చేది. జ్వరం పిల్లల్ని చంకనేసుకుని ఆమె గుమ్మంలోకి వచ్చే ఆడవాళ్లకు మాత్రం నవ్వు వచ్చేది కాదు. వాళ్లకు ఆమె చెయ్యి పిల్లాడి తల మీద పడితే చాలు.

మంచిదే గాని మెత్తనిది కాదు. నేను సంఘ కార్యదర్శినైన కొత్తలో తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని ముందు బెంచీలో కూర్చునేవాణ్ణి. "ఏరా పెద్దోడా, దేవుడు కూడా గుళ్లోకి రావాలంటే ముందు నీకు అర్జీ పెట్టుకోవాలా?" అంది ఒకసారి, పదిమంది ముందు. ఆ పదిమందీ నవ్వారు. ఎవరు నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తుంది. నా స్వభావం అది.

నాన్నను సమాధుల తోటలో ప్రహరీ పక్క వరసలో పెట్టారు. మట్టి వేసిన రోజే అమ్మ అప్పటి పాస్టరుగారి దగ్గర ఒక మాట తీసుకుంది, పక్క చోటు తనకు వదలాలని. రిజిస్టరులో పేరు కూడా రాయించుకుంది. ఎవరినీ ఏమీ అడగని మనిషి తనకంటూ అడిగింది అదొక్కటే. ఆ తర్వాత పాస్టర్లు బదిలీ మీద వచ్చేవారు, పోయేవారు. అమ్మ ప్రతి కొత్తాయన దగ్గరికీ వెళ్లి, "అయ్యగారూ, గోడ పక్కన ఖాళీ నాదండి, ఎవరికీ ఇవ్వకండి" అని చెప్పి వచ్చేది.

తమ్ముడికి చదువు అబ్బలేదు. గరికపాడు చెక్‌పోస్టు దగ్గర లారీల టైర్లకు పంక్చర్లు వేసే షెడ్డు పెట్టుకున్నాడు. పక్కన దాబా, దాని పక్కన మందు దుకాణం. ఇరవై ఏళ్లు తాగాడు. పెళ్లాం వెళ్లిపోయింది. ఈలోపు నేను నందిగామలో ఇల్లు కట్టుకున్నాను, హెడ్మాస్టరునయ్యాను. వాడు వస్తే వరండాలో కుర్చీ వేయించేవాణ్ణి, గడప లోపలికి పిలిచేవాణ్ణి కాదు. కీసరలో చుట్టాల పెళ్లిలో వాడు బంతిలో నా పక్కన కూర్చోబోతే లేచి వేరే వరసలోకి వెళ్లాను. వాడు నవ్వుతూ, "వాసనొస్తున్నానా అన్నయ్యా? అంతా మందు కాదులే, గ్రీజు కూడా ఉంది" అన్నాడు. విస్తళ్ల ముందున్న వాళ్లంతా నవ్వారు. వాడు నా పరువు తీశాడనే అనుకున్నాను. నేను లేచి వెళ్లడం వల్ల వాడి పరువు ఏమైందో ఆలోచించలేదు.

ఇక్కడ మా వాళ్ల పద్ధతి కొంచెం చెప్పాలి. మా పాత సంఘంలో బాప్తిస్మం పసిపిల్లలప్పుడే ఇస్తారు. నుదుటి మీద నీళ్లు చిలకరిస్తారు, అంతే. ఈ పాతికేళ్లలో హైవే వెంట వెలిసిన కొత్త సహవాసాల్లో అది చెల్లదు. పెద్దయ్యాక, బుద్ధి తెలిసి, నీళ్లలో నిండా మునగాలంటారు. మా వాళ్లెవరైనా అలా మళ్లీ మునిగితే, అమ్మానాన్నలు చేయించింది ఉత్తి నీళ్లాట అన్నట్టే. అన్నదమ్ముల మధ్య మాటలు పోయేవి. పైగా ఆ సహవాసాలకు రేకుల షెడ్లే గాని సమాధుల తోటలు ఉండవు. ఆదివారం అక్కడ చప్పట్లు కొట్టి, ఇంట్లో ఎవరైనా పోతే చోటు కోసం మా గేటు దగ్గరికి వచ్చేవారు. మా కమిటీలో ఎప్పుడూ దీని మీదే గొణుగుడు.

అలాంటి సహవాసం పాస్టరు ఒకాయన, టైరు పంక్చరై తమ్ముడి షెడ్డు దగ్గర ఆగి, మాటల్లో పడి, మళ్లీ మళ్లీ వచ్చి, వాడి చేత మందు మాన్పించాడు. నాలుగు నెలలు ముట్టుకోలేదని అమ్మ ఫోన్లో చెబితే, "ఐదో నెల చూద్దాం" అన్నాను.

ఐదో నెలలో ఒక ఫోటో వచ్చింది. సంఘంలో ఎవరో నా ఫోనుకు పంపారు. పెనుగంచిప్రోలు దగ్గర మునేరు. నడుం లోతు నీళ్లలో తమ్ముడు, పక్కన తెల్లచీరలో నిలువునా తడిసి మా అమ్మ. కింద, "మేష్టారూ, ఈవిడ మీ అమ్మగారేనా?" అని రాశారు.

నందిగామ నుంచి జగ్గయ్యపేట దాకా బండి మీద తిట్టుకుంటూ వెళ్లాను. నా భార్య వెనక కూర్చుంది. అమ్మ వంటింట్లో చాటలో బియ్యం ఏరుతోంది. ఫోను ఆమె మొహం ముందు పెట్టాను.

"ఏంటమ్మా ఇది?"

"నేనే. బాగానే పడ్డానే. ఆ చీర ఆరడానికి రెండ్రోజులు పట్టింది."

"నవ్వులాటగా ఉందా? నేను సంఘ కార్యదర్శిని. మా అమ్మే వెళ్లి మునేట్లో మునిగితే రేపు నేను ఏ మొహం పెట్టుకుని మాట్లాడాలి?"

"ఉన్న మొహమే పెట్టుకో. కూర్చో, చెప్తా."

నేను కూర్చోలేదు. ఆమె చాట పక్కన పెట్టి చెప్పింది. ఆ రోజు కొడుకు మునుగుతుంటే చూడటానికే వెళ్లిందట. వాడు మోకాళ్ల లోతు దాకా దిగి ఆగిపోయాడట. వణికిపోతున్నాడట.

"వెనక్కి తిరిగాడంటే తిన్నగా ఆ దుకాణానికే పోతాడు. నాకు తెలవదా వాడి సంగతి? 'నువ్వు కూడా రామ్మా, ఒక్కణ్ణీ దిగలేను' అన్నాడు. దిగి చెయ్యి పట్టుకున్నా. పట్టుకున్నాక మధ్యలో వదల్తానా? ఇద్దర్నీ కలిపి ముంచారు."

"అంటే నీకు నమ్మకం లేకుండానే..."

"నాకు నా పసితనంలోనే చిలకరించారురా. అది ఆరిపోలేదు. మళ్లీ తడవాల్సిన పని నాకు లేదు. పని వాడిది." గొంతు తగ్గించి అంది: "ఈ మాట పెద్దల చెవిన నువ్వే వెయ్యి, పెద్దోడా. తెలిస్తే వాళ్లేమీ అనరు. నేను చెప్తే వాడి తాగుడు సంగతి మళ్లీ పదిమందిలో ఆరేసినట్టుంటది. నువ్వైతే నిదానంగా చెప్తావ్."

"సరే" అన్నాను.

ఆ మరుసటి ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంది. అమ్మ చెప్పమన్న మాట నా నోట్లోనే ఉంది. దానికి బదులు జేబులోంచి తీర్మానం కాగితం తీసి చదివాను. పెద్దల్లో ఒకాయన, బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి, కళ్లజోడు తీసి నన్నే చూస్తూ అడిగాడు.

"మరి మీ అమ్మగారి సంగతేంటి మేష్టారూ? ఆవిడ ఎందుకు వెళ్లిందో కనుక్కున్నారా?"

"కనుక్కోవడానికేముందండి, ఫోటోనే ఉందిగా. సొంత తల్లైనా రూలు రూలే."

బల్ల మీద చేతులతో చరిచారు. ఎవరో "ఇదండీ న్యాయమంటే" అన్నారు. ఆ చరుపుల కోసమే చేశాను. తమ్ముడి మీద పగ ఉంది, నిజమే. కానీ అంతకన్నా, సొంత తల్లిని కూడా వదలని నీతిమంతుడు అనిపించుకోవాలన్న యావ ఎక్కువ. ఇది అర్థం కావడానికి నాకు ఆరేళ్లు పట్టింది.

అమ్మ నాతో పోట్లాడుతుందనుకున్నాను. ఆమె అరవలేదు. తర్వాత వారం ఇంటికి వెళ్తే మంచినీళ్ల గ్లాసు చేతికిచ్చి, "నువ్వు చెప్పలేదు గదూ" అంది.

నేను నీళ్లు తాగాను.

"సరేలే. చిన్నోడు అడిగాడు, అన్నయ్యకి ఎందుకు దిగావో చెప్పావా అని. చెప్పలేదన్నా. వాడికి తెలవక చేసాడన్నా. నువ్వు కూడా ఆ మాట మీదే ఉండు. లేపోతే వాడు నందిగామ వచ్చి నీ ఇంటి మీద పడతాడు."

జీవితంలో ఆమె ఆడిన అబద్ధం నాకు తెలిసి అదొక్కటే. హాస్టల్లో పప్పు మాడితే మాడిందని వార్డెనుకు ముందే చెప్పే మనిషి. నా కోసం ఆడింది. నేను "థాంక్స్ అమ్మా" అని కూడా అనలేదు, పైగా బరువు దిగినట్టయింది.

ఆ తర్వాత కూడా ఆమె మా గుడికే వచ్చేది. ఆడవాళ్ల వైపు చాప మీద గోడకానుకుని కూర్చునేది. ప్రభు భోజనం రోజున మిగతావాళ్లు రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి లేచి ముందుకు వెళ్తుంటే, సభ్యురాలు కాదు గనక తల దించుకుని అక్కడే ఉండిపోయేది. హాస్టల్లో ఆమెతో పాటు అంట్లు తోమిన ముసలామె ఒకత్తె, "ఆమెకి లేంది నాకెందుకు?" అని తనూ లేవడం మానేసింది. మెట్ల దగ్గర ఎదురుపడి, "పంతులూ, నీ రాసే చేతికి పుండు పుట్టా! తల్లి పేరు కొట్టెయ్యడానికా నీకు చదువు చెప్పించింది?" అని అందరి ముందూ తిట్టింది. నేను ఆవిణ్ణి కూడా కమిటీ ముందుకు పిలిపించాలని చూశాను. పెద్దలు ఒప్పుకోలేదు.

పొద్దుటి ప్రార్థనలో మా కమిటీ వాళ్ల పేర్లు కొత్తగా చేరాయి. ముందు నాది. ఏమని అడిగేదో నాకు తెలియదు. నేను ఆ ఇంట్లో పడుకోవడం మానేశాను.

ఆరేళ్లు గడిచాయి. తమ్ముడు మళ్లీ తాగలేదు.

ఎండాకాలంలో ఒక మంగళవారం పొద్దున అమ్మ పోయింది. మధ్య గోడ ఒకటే కాబట్టి పక్కింటావిడకు రోజూ ఆ ప్రార్థన వినబడేది. "మార్కెట్ మలుపు దాకా వచ్చిందండి, ఆపైన వినబళ్లా" అంది. వెళ్లి చూస్తే గోడకు చేరగిలబడి ఉంది.

నేనూ నా భార్యా ఎనిమిదింటికల్లా చేరుకున్నాం. ఫ్రీజరు పెట్టె తెప్పించి, గుంట తీయించమని చెప్పడానికి గుడికి వెళ్లాను. వరండాలో కండక్టరుగారు కూర్చుని ఉన్నాడు. నాకోసమే కూర్చున్నాడని తర్వాత అర్థమైంది.

"నాన్న పక్కన తీయించండి. రిజిస్టర్లో ఉంది" అన్నాను.

ఆయన లోపలికి వెళ్లి మినిట్స్ పుస్తకం తెచ్చి తెరిచి బల్ల మీద పెట్టాడు. "ఇందులో కూడా ఉంది."

"ఆవిడ సంగతి వేరండి."

"రూలు రూలే అన్నది మీరు. ఈ ఆరేళ్లలో నలుగుర్ని ఈ పేజీ చూపించి వెనక్కి పంపాం. ఒకాయన్ని ట్రాక్టరు మీద తెచ్చారు. ఆయన పెళ్లాం గేటు పట్టుకుని ఏడుస్తుంటే మీరే తాళం వేసారు. గుర్తుందా?"

గుర్తుంది.

"వాళ్లకో న్యాయం, మీకో న్యాయం అంటే రేపు నన్ను కొడతారు. అయితే ఒక దారుంది." ఆయన కళ్లజోడు తీశాడు. "ఆవిడ చిన్నవాడి కోసం దిగిందని తర్వాత నా చెవిన పడింది, అప్పటికే తీర్మానం అయిపోయింది. ఆ రోజు కమిటీలో మిమ్మల్ని అడిగా. మీరు ఫోటో ఉందన్నారు. మళ్లీ అడుగుతున్నా. అప్పటికే మీకు తెలుసా? తెలిసి దాచారంటే అది కమిటీని మోసం చేసి చేయించిన తీర్మానం. చెల్లదని ఇప్పుడే రాసేస్తా. సంతకాలు పెట్టేవాళ్లు మీ వాకిట్లోనే ఉన్నారు. గంటలో గుంట తీయిస్తా. తెలవదంటే మాత్రం సంఘమంతా కూడి కొట్టెయ్యాలి. దానికి రెండు ఆదివారాలు ముందు చాటింపు చెయ్యాలి. అప్పటిదాకా ఆవిణ్ణి ఉంచలేం గదా."

ఒక్క మాట. తెలుసు అనాలి, అంతే. నా భార్య నా వెనకే నిలబడి ఉంది. ఆ రోజు వంటింటి గుమ్మంలో తనూ విన్నది. చిన్నగా, "చెప్పండి" అంది.

నాకు లోపల మాటలు ఎంత వేగంగా దొరికాయో చెబితే సిగ్గేస్తుంది. తెలవదన్న మాట మీదే ఉండమని అమ్మే చెప్పింది కదా, చచ్చిపోయిన తల్లి మాట దాటకూడదు కదా అనుకున్నాను. అసలు సంగతి అది కాదు. రిటైరైన హెడ్మాస్టరు, ఇరవై ఏళ్ల కార్యదర్శి, అబద్ధాలకోరని ఆ పుస్తకంలో ఎక్కుతుంది. నా భయం అదీ.

"నాకు తెలియదండి" అన్నాను.

ఆయన పుస్తకం మూశాడు. కళ్లజోడు పెట్టుకోలేదు.

దారిలో నా భార్య, "నేనూ విన్నానుగా" అంది. "నోరు మూసుకుని నడువు" అన్నాను. ఆవిడ ఆ రోజంతా మూసుకునే ఉంది. నాతో మాత్రమే.

పదకొండింటికి తమ్ముడు వచ్చాడు. చేతులకు ఇంకా గ్రీజు. అమ్మ కాళ్ల దగ్గర చాలాసేపు కూర్చుని లేచి వాకిట్లోకి వచ్చాడు.

"చోటివ్వనన్నారంటగా?"

"రెండు వారాలు పడుతుందంట."

"నువ్వు రాసిందేగా? నువ్వే చింపలేవా?"

"అలా కుదరదు. పద్ధతుంటుంది."

"పద్ధతి!" వాడు చుట్టూ చూశాడు. వాకిలి నిండా హాస్టల్ పిల్లలు, ముసలివాళ్లు, వీధివాళ్లు. "నా మీద రాసావ్. నేను చస్తే పెట్టనివ్వొద్దని రాసావ్. నాకు బెంగలేదు, టైర్లలో వేసి తగలెట్టినా పోతా. అమ్మకి తగిలింది చూసావా? నీకు తెలవక చేసావని ఆమె చెప్పింది గాబట్టి ఆరేళ్లూ ఊరుకున్నా. లేపోతే ఇవాళ నిన్ను ఈ వాకిట్లోనే..."

"ఎవర్రా నువ్వు నన్ను..." అని నేనూ మీదికి వెళ్లాను. శవం ఇంట్లో ఉండగా. మనుషులు మధ్యలో పడ్డారు. ముసలామె నా చొక్కా పట్టుకుని వెనక్కి లాగి, "ఎహె, ఇక చాల్లే పంతులూ, ఇవాళన్నా దాన్ని ప్రశాంతంగా పోనీ" అంది.

తమ్ముడు బండి తెప్పించి అమ్మను గరికపాడు తీసుకెళ్లాడు. వాళ్ల సహవాసం వాళ్లు షెడ్డు వెనక కొంచెం మెట్ట నేల కొత్తగా కొనుక్కున్నారు. అక్కడ ఆమెదే మొదటి సమాధి. ఒక అడుగు దిగాక అంతా రాయే. ముగ్గురు మనుషులు గునపాలతో మూడు గంటలు కొట్టారు. హైవే మీద లారీలు హారన్లు కొట్టుకుంటూ పోతున్నాయి. నీడ లేదు. మా వాళ్లు, వాళ్ల వాళ్లు రెండు గుంపులుగా నిలబడ్డారు. మా గుంపులోనూ నా చుట్టూ ఖాళీ ఉంది.

పెట్టె దించే ముందు కుటుంబం వాళ్లు రెండు మాటలు చెప్పమన్నాడు వాళ్ల పాస్టరు. తమ్ముడు ముందు మాట్లాడాడు. తన తాగుడు సంగతి దాచకుండా చెప్పాడు, మునేరు సంగతి చెప్పాడు. అమ్మ ఆరేళ్లు ఏ మాట పదిమందిలో చెప్పడానికి సిగ్గుపడిందో, ఆ మాట వాడు రెండు వందల మందిలో మామూలుగా చెప్పాడు. చివర్లో, "మా అమ్మ పుట్టి బుద్ధెరిగి ఒక్క అబద్ధం ఆడలేదు" అన్నాడు.

తర్వాత నేను. ఆమె సేవ గురించి, భక్తి గురించి మాటలు సిద్ధం చేసుకుని ఉన్నాను. వాడి ఆఖరి మాట తర్వాత అవేవీ నోటికి రాలేదు.

"ఆడింది" అన్నాను. "ఒకటి ఆడింది. నా కోసం." మొత్తం చెప్పాను. వంటింట్లో ఆమె నాతో చెప్పింది, కమిటీలో నేను చెప్పనిది, నాకు తెలియదని ఆమె తమ్ముడితో అన్నది, ఆ పొద్దున కండక్టరుగారు అడిగితే నేను లేదన్నది. ఒక్క మాటతో ఆమె నాన్న పక్కన ఉండేదని కూడా చెప్పాను.

కండక్టరుగారు మా గుంపులోనే ఉన్నాడు. తల తిప్పుకున్నాడు.

తమ్ముడు కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. దగ్గరికి వచ్చి, నెమ్మదిగా, నాకు మాత్రమే వినబడేట్టు మాట్లాడాడు.

"పొద్దున ఆ ఒక్క ముక్క చెప్పలేకపోయావ్. అప్పుడు చెప్తే ఆమెకి పనికొచ్చేది. ఇప్పుడెవరికి? నీకేగా? నీ గుండె తేలికపడటానికేగా?" "మనిద్దరం విరోధంగా ఉండకూడదని ఆమె ఆరేళ్లు మోసింది. అది కూడా మిగల్చలేదు నువ్వు."

 

పెట్టె దించారు. వరసగా అందరూ పిడికెడు మట్టి వేస్తున్నారు. నేనూ వంగి తీసుకున్నాను. రాళ్లు కలిసిన ఎర్రమట్టి. తమ్ముడు నా మణికట్టు పట్టుకుని, "నువ్వొద్దు" అన్నాడు. పెద్దకొడుకును. నలుగురూ ఏమంటారోనని కాదుగాని, వాడికి ఆ హక్కు ఉందనిపించి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అందరూ వెళ్తున్నా ఆ మట్టి ఎక్కడ పడేయాలో తెలియక పట్టుకునే నిలబడ్డాను. చివరికి నా భార్య నా వేళ్లు విప్పి కింద పోయించింది.

ఆదివారం గుడిలో నిలబడి అవే మాటలు మళ్లీ చెప్పి, కార్యదర్శి పని వదిలేశాను. తీర్మానం చెల్లదని రాయడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. వెనక్కి పంపిన నలుగురి ఇళ్లకూ వెళ్లాను. ఇద్దరు లోపలికి రానిచ్చారు. ఒకరు తలుపు తీయలేదు. ట్రాక్టరు మీద తెచ్చినాయన భార్య వాకిట్లో బట్టలు ఆరేస్తూ, నా మాటలన్నీ విని, "తాళం తీసేసారా? మంచిది. ఇప్పుడు ఆయన్ని లేపి తీసుకురమ్మంటావా?" అని, బకెట్టు ఎత్తుకుని లోపలికి పోయింది.

నెల తర్వాత కండక్టరుగారు ఫోన్ చేశాడు. గోడ పక్క చోటు రిజిస్టరులో ఇంకా అమ్మ పేరు మీదే ఉంది, ఎవరి పేరు రాయాలని. తమ్ముడి పేరు రాయమన్నాను. ఎవరిని రానివ్వకూడదని ఆ తీర్మానం రాశానో వాడికే ఆ చోటు ఇస్తే న్యాయం అనిపించింది. ఆ మాట చెప్పడానికి గరికపాడు వెళ్లాను. వాడు లారీ టైరు విప్పుతున్నాడు. లేవలేదు, కూర్చోమనలేదు. విన్నాడు.

"నాకక్కర్లేదు. నేను అమ్మ పక్కన పడుకుంటా."

"మరి నాన్న పక్కన?"

"నువ్వు పడుకో" అన్నాడు, రాడ్డు బిగిస్తూ. "ఆమెని తీసేసి ఖాళీ చేయించుకున్నావుగా."

రోడ్డు మీదికి వచ్చి బస్సు కోసం నిలబడ్డాను.

ఇది జరిగి చాలా నెలలయింది. రిజిస్టరులో అమ్మ పేరు కొట్టేశారు, పక్క గడి ఖాళీగా ఉంది. నా పేరు రాయమని నేను చెప్పలేదు. రాయొద్దని చెప్పడానికి కూడా ఇంతవరకు వెళ్లలేదు.